బుగ్గలో గాలి నిలవకపోతే

ముసలివాళ్ళ చర్మం గడ్డం గీసే కత్తికి ఎదురు నిలవదు. వదులుగా ఉంటుంది, మడతపడుతుంది, మడతలో కత్తి దిగిందంటే తెగుతుంది. అందుకే "బుగ్గ పూరించండి బాబుగారూ" అంటాం. ఆయన మూతి బిగించి ఆ పక్కకి గాలి తోస్తాడు. బుగ్గ పూరీలా పొంగుతుంది. కత్తి దానిమీద జారుకుంటూ పోతుంది. మా పనిలో ఇంతకంటే మామూలు మాట లేదు. మా మామయ్య ప్రాణం మీదికి వచ్చిన రోజున ఆ సంగతి నాకు తెలిసింది ఆ మాట పుణ్యమే. కొత్తగా కుర్చీ వెనక నిలబడుతున్న మన పిల్లలకి, అందులోనూ ఇళ్ళకెళ్ళి పెద్దవాళ్ళకి గడ్డాలు గీసేవాళ్ళకి, ఈ సంగతి చెప్పి తీరాలి.

ఇళ్ళకెళ్ళే పని

నాది మొగల్తూరు. ఐదో తరగతితో బడి ఆగింది. మా మేనమామ వీరాస్వామి గారికి రాజమండ్రిలో కోటిపల్లి బస్టాండు దగ్గర సెలూను ఉండేది. ఆయన కూతురు వరలక్ష్మిని చేసుకున్నాక నేనూ రాజమండ్రి చేరాను. మేనమామే మామగారు, మామగారే మేస్త్రీ. తప్పుచేస్తే మూడు వరసల తిట్లూ ఒకే నోటినుంచి పడేవి.

మామయ్యకి రెండు విద్యలు. మామూలు రోజుల్లో కత్తి, పెళ్ళిళ్ళ రోజుల్లో సన్నాయి. మా నాయీబ్రాహ్మణ కుటుంబాల్లో అది మామూలే గానీ, మామయ్య లాగా రెండూ చేతికొచ్చినవాళ్ళు తక్కువ. ఆయన సన్నాయి పట్టుకుంటే పందిట్లో కబుర్లు ఆగిపోయేవి. ఆ గర్వం ఆయన మీసంలో ఉండేది. "ఒరే సత్యం, పెళ్ళికి పంతులు మంత్రం చెప్తాడు, మనం ముహూర్తం చెప్తాం" అనేవాడు.

షాపులో రెండు కుర్చీలు. కాలేజీ కుర్రాళ్ళంతా మామయ్య దగ్గరికే పోయేవారు. నాకు మిగిలింది మెట్లు దిగలేని పెద్దవాళ్ళు. కత్తులూ కత్తెరలూ ఉన్న పొది చంకలో పెట్టుకుని సైకిలు మీద దానవాయిపేట, ఇన్నీసుపేట తిరిగేవాణ్ణి. మొదట్లో చిన్నతనంగా ఉండేది. తరవాత తెలిసింది, ఆ పనిలో ఉన్న గౌరవం కుర్చీ దగ్గర లేదని. ఒక మనిషి కళ్ళు మూసుకుని గొంతు ఎత్తి మన కత్తికి అప్పజెప్తాడు. కొడుకు ముందు చెప్పని మాటలు మన ముందు చెప్తాడు. ఆయన మొహంలో ఏ మడత ఎక్కడుందో ఆయనకంటే మనకే బాగా తెలుస్తుంది.

మాస్టారి ఎడమ బుగ్గ

దానవాయిపేటలో ఒక డాక్టరు గారుండేవారు. వాళ్ళ నాన్నగారు కోనసీమలో హైస్కూలు మాస్టారుగా చేసి రిటైరయి కొడుకు దగ్గరికి వచ్చారు. బుధవారం, ఆదివారం ఆయనకి గడ్డం. వరండాలో కుర్చీ వేసుకుని, ఎడమ చేత్తో చేతి అద్దం పట్టుకుని, నేను నురగ పెడుతున్నంతసేపూ మాట్లాడుతూనే ఉండేవారు. వాళ్ళ ఊరి కొబ్బరికాయంత తియ్యటి కాయ లోకంలో లేదని ఆయన వాదన.

ఒక ఆదివారం కుడి బుగ్గ అయిపోయింది. "ఎడమ బుగ్గ పూరించండి మాస్టారూ" అన్నాను. పూరించారు. కత్తి సగం దిగేసరికి మూతి పక్కనుంచి పుస్సుమని గాలి పోయింది. బుగ్గ చప్పబడింది, కత్తి దిగింది, సన్నగా నెత్తురు వచ్చింది.

"అయ్యో, గాలి వదిలేశారేంటండీ?"

ఆయన ఏదో అన్నారు. మాట ముద్దగా వచ్చింది. అద్దం చేతిలోంచి జారి ఒళ్ళో పడింది. ఎడమ మూతి చివర నురగ నీళ్ళు కారుతున్నాయి, ఆయనకి తెలియడం లేదు. నాకు భయమేసింది. కత్తి మడిచి, పటిక రాసి, తువ్వాలుతో అదిమి పట్టుకుని లోపలికి కేకేశాను. కోడలు గారు వచ్చేసరికి మాస్టారు నా చెయ్యి తోసేశారు.

"ఏంట్రా సత్యం, నెత్తురు తీశావు? మీ మామకి చెప్తా ఉండు" అని నవ్వారు. మాట మామూలుగా ఉంది. అద్దం తీసుకుని గాటు చూసుకున్నారు. అంతకు ముందు ఏమీ జరగనట్టే ఉన్నారు.

అప్పుడే డాక్టరు గారు మేడ దిగి వచ్చారు. తండ్రి బుగ్గ మీద నెత్తురు చూసి, "ఎవరయ్యా కోసింది?" అన్నారు.

"నేనేనండి. గాలి నిలపలేకపోయారండి."

తిడతారనుకున్నాను. ఆయన స్టూలు లాక్కుని కూర్చున్నారు. "నిలపలేకపోవడమంటే? ఏ పక్క? మాట ఎలా ఉంది? అద్దం ఏ చేత్తో పట్టుకున్నారు?" ఒక్కొక్కటే అడిగారు. జరిగింది జరిగినట్టు చెప్పాను. తరవాత తండ్రిని నవ్వమన్నారు, రెండు చేతులూ ఎత్తమన్నారు, పేరూ ఊరూ చెప్పమన్నారు. అన్నీ బాగానే చేశారు మాస్టారు.

"నేను బాగానే ఉన్నాన్రా. నీ డాక్టరీ ఆసుపత్రిలో చూపించుకో."

"బాగున్నారు కాబట్టే ఇప్పుడు తీసుకెళ్తున్నాను నాన్నా. లేవండి."

సగం గడ్డంతోనే కారెక్కించారు. మిగిలిన సగం రెండు రోజుల తరవాత ఆసుపత్రి మంచం మీద గీశాను.

డాక్టరు గారు నాకు ఆ జబ్బు గురించి చెప్పింది అక్కడే, కాలవ మాటల్లో చెప్పారు. "మెదడుకి నెత్తురు తీసుకెళ్ళే గొట్టంలో చిన్న గడ్డ అడ్డం పడుతుందయ్యా. తూము దగ్గర గుర్రపుడెక్క చిక్కుకున్నట్టు. నీళ్ళు ఆగుతాయి. కాసేపటికి అదే కొట్టుకుపోతుంది, నీళ్ళు మళ్ళీ పారతాయి. చేను ఎండలేదు కదా అని రైతు ఊరుకుంటే?"

"మళ్ళీ వచ్చి చిక్కుకుంటుందండి."

"ఈసారి కొట్టుకుపోకపోవచ్చు. అదే పక్షవాతం. ఇది దానికి ముందొచ్చే కబురు. పెద్ద కబురు తెచ్చిన చిన్న మనిషి అనుకో. మాకు కష్టమేంటంటే, మేం చూసేసరికి తగ్గిపోయి ఉంటుంది. ఉన్నప్పుడు పక్కనున్నవాడు చెప్పాలి. నువ్వు చెప్పావు."

మాస్టారికి బీపీ మందులు మార్చారు, నెత్తురు గడ్డకట్టకుండా మాత్ర పెట్టారు. ఆయన మళ్ళీ వరండాలో కూర్చుని నాతో కొబ్బరికాయల గురించి వాదించారు. అంతకంటే నాకు కావలసిందేముంది?

చేతికి తెలిసేవి

ఆ తరవాత నేను పనిచేసే తీరు మారింది. అంతకు ముందు కత్తి వంక చూసేవాణ్ణి, అప్పటినుంచి మనిషి వంక కూడా చూడ్డం మొదలెట్టాను.

రెండు బుగ్గలూ విడివిడిగా పూరించమనండి. ఒక పక్క గాలి నిలవకపోతే ఆగండి. నవ్వించండి. మీకు రాకపోతే మీ మామనో బావనో నాలుగు తిట్టండి, ఏ పెద్దాయనైనా నవ్వుతాడు. మూతి ఒక పక్కకే వెళ్తే ఆగండి. పుక్కిలించిన నీళ్ళు ఒక పక్కనుంచి కారిపోయినా, చేతిలో అద్దం ఉన్నట్టుండి వాలిపోయినా, కుర్చీలోంచి లేస్తూ ఒక కాలు ఈడ్చినా ఆగండి. మాట ముద్దయినా, మాట బాగానే ఉండి ఒకటి అనబోయి ఇంకొకటి అంటున్నా అంతే. ఒకాయన "ఒక కంటికి తెర దించినట్టయింది సత్యం, మళ్ళీ లేచిపోయింది" అన్నాడు. అదీ ఇదేనట. వీటన్నిట్లో చూడాల్సింది ఒక్కటే, నిన్నటిదాకా లేనిది ఇవాళ ఉన్నట్టుండి రావడం. ఎప్పుడూ వంకరగా నవ్వే మనిషి ఇవాళా వంకరగా నవ్వితే భయం లేదు.

అనుమానం వస్తే మంచినీళ్ళూ కాఫీలూ పొయ్యొద్దు, మింగడం సరిగా లేకపోతే పొరబోతుంది. మన పొదిలోంచి, వాళ్ళ బీరువాలోంచి మాత్ర తీసి ఇవ్వొద్దు. ఎప్పుడు మొదలైందో గుర్తుపెట్టుకుని ఇంట్లోవాళ్ళకి చెప్పి, వెంటనే ఆసుపత్రికి బయల్దేరదీయండి. దారిలో తగ్గిపోయినా వెనక్కి తిప్పొద్దు.

నవ్వులపాలు కూడా అయ్యాను, అదీ చెప్పాలి. ఇన్నీసుపేటలో ఒక ముసలాయన కుడి బుగ్గ ఎంతకీ పొంగదు, మూతి వంకర, మాట ముద్ద. ఇంట్లోవాళ్ళని పిలిచి హడావుడి చేశాను. వాళ్ళావిడ గుమ్మంలోనే నిలబడి, "ముందు ఆ కిళ్ళీ ఉమ్మెయ్యమనవయ్యా" అంది. డాక్టరు పొగాకు మానెయ్యమన్నాడని ఆవిడకి తెలియకుండా బుగ్గలో దాచుకున్నాడట పాపం. ఆవిడకి దొంగ దొరికాడు, ఆయనకి నేను దొరికాను. నెలరోజులు నాతో మాట్లాడలేదు. అయినా ఫరవాలేదు. పదిసార్లు నవ్వులపాలైనా ఒక్కసారి పనికొస్తే చాలు.

ఇంకొకటి. గడ్డం అయ్యాక తల మర్దనా చేసి టక్కుమని మెడ విరవడం మన సెలూన్లలో అలవాటు. డాక్టరు గారు వద్దన్నారు, మెడలోంచే మెదడుకి నెత్తురు వెళ్ళేది, విరుపుకి ఆ గొట్టం లోపల చిరిగే ప్రమాదముంది అన్నారు. మామయ్యతో చెప్తే, "మెడ విరవకపోతే ఇది సెలూనా, పోస్టాఫీసా?" అన్నాడు. చాలా రోజులు వాదించి, పెద్దవాళ్ళకి మాత్రం మాన్పించాను. నా మాటగా చెప్తున్నాను, ఎవరికీ విరవకండి. గిరాకీ పోదు. పోయినా పోనివ్వండి.

మొక్కు గడ్డం

కోటేశ్వరరావు గారని పప్పుల హోల్‌సేలు వ్యాపారి, వారానికి రెండుసార్లు నా చేతి గడ్డం. మోకాళ్ళ నొప్పి తగ్గితే కొండకి నడిచి వస్తానని మొక్కుకుని గడ్డం పెంచారు. మొక్కు ఉన్నప్పుడు మన పని ఉండదు. నేను వాళ్ళ వీధికి వెళ్ళడం మానేశాను.

ఆ నెలల్లో ఆయనకి రెండుమూడుసార్లు మూతి జారి మళ్ళీ సర్దుకుందట. గడ్డంలో ఎవరికీ కనపడలేదు. పెరుగన్నం ఒక పక్క గడ్డానికే అంటుకుంటుంటే కోడలు తుడిచి నవ్వేదట. కొట్లో పెసలు అనబోయి కందిపప్పు అంటే, "షావుకారు గారి బుర్ర అప్పుడే కొండెక్కేసింది" అని గుమాస్తాలు వేళాకోళం చేశారట. ప్రతిసారీ కాసేపటికి తగ్గిపోయింది. తిరుపతి బయల్దేరాల్సిన రోజు పొద్దున్న స్నానాల గదిలో పడిపోయారు. కుడి పక్క పూర్తిగా పోయింది, మాట పోయింది.

నన్ను పిలిచింది ఆ తరవాత. మంచం మీద ఆ గడ్డం తీసేశాను. ఆయన నా చెయ్యి పట్టుకుని ఏదో చెప్పబోయారు, రాలేదు. బయటికొచ్చాక వాళ్ళావిడ, "తగ్గిపోయింది కదా అనుకున్నాం సత్యం" అంది. ఆవిణ్ణి ఏమనగలం? ఒళ్ళు బాగున్న మనిషిని ఆసుపత్రికి తీసుకెళ్ళాలని ఎవరికి తోస్తుంది?

ఆ రోజునుంచి నేనొక అలవాటు పెట్టుకున్నాను. మొక్కుల్లో ఉన్నా, మైలలో ఉన్నా, నా పెద్దవాళ్ళ ఇళ్ళకి వెళ్ళేవాణ్ణి. పొది విప్పను. కాసేపు కూర్చుని కబుర్లు చెప్పి, బుగ్గలు పూరించమని చూసి వచ్చేవాణ్ణి. "గడ్డం పని లేకపోయినా, సెలూనుకి సెలవైన మంగళవారమైనా వస్తాడు సత్యం" అని ఎగతాళి చేసేవారు. మీరూ వెళ్ళండి.

పెళ్ళికారు

ఇక మామయ్య సంగతి. అప్పటికి సెల్‌ఫోన్లు లేవు, ఎస్టీడీ బూత్‌లు ఉండేవి. జంగారెడ్డిగూడెం దగ్గర పామాయిలు తోటల రైతు సూర్యారావు గారింట్లో పెద్దమ్మాయి పెళ్ళి. పగటి ముహూర్తం. మామయ్య సన్నాయి, పక్కన ఆయన కొడుకు నాగరాజు రెండో సన్నాయి, మా వాళ్ళు ఇద్దరు డోళ్ళు, నేను తాళం.

పెళ్ళికూతుర్ని బుట్టలో కూర్చోబెట్టి మేనమామలు తీసుకొచ్చే వేళ దగ్గరపడింది. మామయ్య మంచి ఊపులో ఉన్నాడు. ఉన్నట్టుండి సన్నాయి పలుకు విరిగింది. సన్నాయి మొనకి ఉండే పీక చెడిందేమో అనుకుని తల తిప్పాను. మూతి కుడి పక్కనుంచి గాలి బయటికి పోతోంది. కుడిచేతి వేళ్ళు రంధ్రాల మీదనుంచి జారిపోతున్నాయి. నాగరాజు గ్రహించి వెంటనే అందుకున్నాడు. పందిట్లో సగం మందికి తేడా తెలియలేదు.

సన్నాయి నేను పట్టుకున్నాను, లేకపోతే కిందపడేది. "మామయ్యా" అంటే నా వంక చూశాడు. పెదాలు కదిపాడు గానీ మాట రాలేదు. ఎంత తిట్టే నోరు అది! ఆయన పడిపోకుండా భుజం పట్టుకున్నాను.

ఆడవాళ్ళు చుట్టూ మూగారు. సూర్యారావు గారి తల్లి, "ఎంత కమ్మగా ఊదుతున్నాడో, ఎవరి కన్ను పడిందో" అని ఉప్పూ ఎండుమిరపకాయలూ తెప్పించి దిష్టి తీసింది. వాటిని వంటశాల పొయ్యిలో పడేయించింది. ఆ లోపల మామయ్య మొహం సర్దుకుంది. గొంతు సవరించుకుని, "ఏంటీ మూక? లేవండి, పిల్ల వస్తోంది" అన్నాడు.

"చూశారా! మిరపకాయలు అన్ని కాలినా ఘాటు లేదు. అంత దిష్టి!" అంది ముసలమ్మ గారు. అందరూ అవునన్నారు. నిజానికి ఆవిడ ఏం చేసినా తగ్గేదే, ఏం చెయ్యకపోయినా తగ్గేదే. ఈ జబ్బుతో వచ్చిన చిక్కంతా ఇదే. దిష్టి తీస్తే దిష్టికి పేరొస్తుంది, సోడా తాగిస్తే సోడాకి పేరొస్తుంది.

నేను మామయ్య చెవి దగ్గర కూర్చున్నాను. "మామయ్యా, లేవండి. రాజమండ్రి వెళ్దాం."

"ఎందుకు?"

"డాక్టరు గారి దగ్గరికి."

"ముహూర్తం పెట్టుకుని? మతి ఉండే మాట్లాడుతున్నావా? సూత్రం పడకుండా సన్నాయి కింద పెట్టినవాడు మన వంశంలో లేడు. రేపు ఈ ఊరివాళ్ళు మన మొహం చూస్తారా?"

"మాస్టారికి అయింది ఇదేనండి. షావుకారు గారికి అయిందీ ఇదే."

"నీ పరీక్ష నా మీద కూడానా? ఇదిగో, చూసుకో" అని రెండు బుగ్గలూ పూరించాడు. రెండూ బంతుల్లా నిలబడ్డాయి. డోలు వాళ్ళు నవ్వారు. నాకు ఏడుపొచ్చింది. ఆయన మొహంలో నేను చూపించడానికి ఏమీ మిగల్లేదు.

సూర్యారావు గారు వచ్చారు. "ఏంటి సత్యం గారూ, పెద్దాయన బాగానే ఉన్నారు కదండీ. ఆయన గట్టిమేళం కోసమే కదండీ రాజమండ్రినుంచి పిలిపించుకుంది. ఆయన లేకపోతే మగపెళ్ళివారు ఏమనుకుంటారండి?"

మామయ్య సన్నాయి చేతిలోకి తీసుకుని, పీక పెదాల మధ్య పెట్టి తడుపుతున్నాడు. దానికి దారంతో వేలాడుతున్న వేరే పీకలు నా కంటపడ్డాయి. అడిగాను.

"మామయ్యా, ఒక్క మాట చెప్పండి. ఊదుతుండగా ఒకసారి పలుకు తప్పిన పీకని తడిపితే మళ్ళీ పలుకుతుంది. అదే పీకతో గట్టిమేళానికి కూర్చుంటారా?"

"ఏ వెధవైనా కూర్చుంటాడా? తీసేసి వేరేది పెడతాను."

"ఎందుకండీ? పలుకుతోంది కదా?"

"పలుకుతుందిరా, సరిగ్గా సూత్రం పడేవేళకి నోరు మూసుకుంటుంది. ఒకసారి తప్పింది నమ్మకూడదు."

అన్నాడు, ఆగాడు. ఆయన కుడిచెయ్యి పైకెత్తి తిప్పి చూసుకున్నాడు.

"పీకలు ఇంకో నాలుగున్నాయండి. మీ బదులు తగిలించుకోవడానికి మాకు ఇంకో మనిషి లేడు" అన్నాను.

పెళ్ళికూతురి బుట్ట గుమ్మం దాటింది. మామయ్య తన సన్నాయి నాగరాజు చేతికిచ్చాడు. "కంగారుపడకు. పంతులు గారి చెయ్యి చూడు, మొహం చూడకు. చెయ్యి లేవగానే అందుకో" అన్నాడు. లేచి సూర్యారావు గారికి దణ్ణం పెట్టాడు. "అయ్యా, మాట తప్పుతున్నాను. మావాడు ఊదుతాడు. నాకంటే తక్కువ ఊదడు" అన్నాడు. తన కొడుకుని నలుగురిలో మెచ్చుకోవడం అంతకు ముందు నేను వినలేదు.

సూర్యారావు గారు ఒక్క క్షణం పందిరి వంకా, మామయ్య వంకా చూశారు. పెద్దమనిషి. "ఖాళీగా ఉన్నది పెళ్ళికొడుకు కారొక్కటే. తీసుకెళ్ళండి. అల్లుడు గారికి నేను చెప్పుకుంటాను" అన్నారు.

బంతిపూలూ, వెండి కాగితాలూ కట్టిన అంబాసిడరు. అందులో మామయ్యా, నేనూ. వెనక నాగరాజు సన్నాయి వినిపిస్తోంది, మామయ్య కిటికీలోంచి తల బయటపెట్టి చెవి అటే ఉంచాడు. కొయ్యలగూడెం దాటాం. కొవ్వూరులో బ్రిడ్జి ముందు లారీలు ఆగిపోతే జనం కారులోకి తొంగి చూశారు. "పెళ్ళికొడుకేడండీ?" అని ఒకామె అడిగింది.

"నేనేనమ్మా. పిల్ల దొరక్క రాజమండ్రి వెళ్తున్నాను" అన్నాడు మామయ్య.

డాక్టరు గారు తల ఫోటోలు తీయించారు, నాడి పట్టుకుని చాలాసేపు చూశారు. "వీరాస్వామి గారూ, మీ గుండె తాళం తప్పుతోందండీ" అన్నారు.

మామయ్యకి కోపం వచ్చింది. "తాళం తప్పడమా? నాదా?"

"మీదే. అలా తప్పినప్పుడు గుండెలో నెత్తురు నిలవుండి చిన్న గడ్డ కడుతుంది. అది తలకి వెళ్ళింది. మిమ్మల్ని ఇంటికి పంపను."

మర్నాడు పొద్దున్న ఆసుపత్రి వార్డులోనే అది మళ్ళీ వచ్చింది. ఈసారి తొందరగా పోలేదు. కుడిచెయ్యి చాలా రోజులు బరువుగా ఉండిపోయింది. అప్పటికే సెలైను ఎక్కుతోంది, మందు మొదలైంది, డాక్టరు పక్కనే ఉన్నారు. "అదే పెళ్ళి పందిట్లో వచ్చుంటే ఏమయ్యేదండీ?" అని అడిగాను. "ఏమయ్యేదో నేను చెప్పలేనయ్యా. ఇక్కడ వచ్చింది కాబట్టి మంచిదైంది" అన్నారు. తెలిసినంతే చెప్పే డాక్టరు ఆయన, అందుకే ఆయన మీద నాకంత గురి.

వరలక్ష్మి తండ్రి చేతికి రోజూ రబ్బరు బంతి ఇచ్చి పిసికించేది. ఆయన బంతి విసిరేసి సన్నాయి తెమ్మనేవాడు. సెలూను వెనక గదిలో చిన్నపిల్లాడిలా మొదటి పాఠం నుంచి మొదలెట్టాడు. కుడిచేతి చిటికెనవేలు పూర్తిగా తిరిగి రాలేదు. ఆ వేలికి పని తగ్గించుకుని, మిగతా వేళ్ళకి కొత్త నడక నేర్పుకున్నాడు. మాత్రలు మాత్రం ఒక్కపూట మానలేదు. నెత్తురు పరీక్షకి పిలిస్తే సణుక్కుంటూనే వెళ్ళేవాడు.

రెండో పెళ్ళి

కొన్నేళ్ళకి, అందరి చేతుల్లోకీ సెల్‌ఫోన్లు వస్తున్న రోజుల్లో, సూర్యారావు గారు స్వయంగా సెలూనుకి వచ్చారు. చిన్నమ్మాయి పెళ్ళి. "పెద్దాయనే ఊదాలండి" అన్నారు.

మామయ్య నా వంక చూశాడు. నేను డాక్టరు గారిని అడిగి వచ్చాను. ఊదొచ్చు, మధ్యమధ్య ఆగుతూ ఊదమనండి, అలుపు రానివ్వకండి అన్నారు.

అదే ఇల్లు, అంతకంటే పెద్ద పందిరి. నాగరాజు పక్కన, నేను తాళం. మొదలుపెట్టే ముందు మామయ్య మైకు తన వైపు తిప్పుకున్నాడు. తలనొప్పి వచ్చినా ఇంట్లో చెప్పని మనిషి. ఏం మాట్లాడతాడా అని మాకు ఆశ్చర్యం.

"అయ్యా, పెద్దలందరికీ నమస్కారం. క్రితంసారి ఈ ఇంట్లోనే నా మూతి జారింది, మాట పడిపోయింది. మా అల్లుడు నన్ను లాక్కెళ్ళాడు కాబట్టి ఇవాళ మీ ముందు కూర్చున్నాను. మళ్ళీ అలా అయితే ఎవరూ దిష్టి తియ్యకండి, కారు తియ్యండి. తగ్గిపోయిందని నేనన్నా వినకండి. నాకనే కాదు, మీ ఇళ్ళల్లో పెద్దవాళ్ళెవరికైనా సరే."

సూర్యారావు గారి తల్లి ముందు వరసలోంచి, "అలాగే నాయనా, ముందు ఊదు. బుట్టలో కూర్చున్న పిల్ల కాళ్ళు తిమ్మిరెక్కాయంటోంది" అంది. అందరూ నవ్వారు.

సూర్యారావు గారు డ్రైవరుని పిలిచి కారు గేటు దగ్గర వీధివైపు తిప్పి పెట్టించారు. అతను పెళ్ళంతా స్టీరింగు ముందే కూర్చున్నాడు. భోజనం కూడా విస్తరి వేసి అక్కడికే పంపించారు.

పంతులు గారి చెయ్యి లేచింది. మామయ్య గట్టిమేళం అందుకున్నాడు. మూతికి అటూ ఇటూ ఒక్క ఊపిరి కూడా జారలేదు. సూత్రం పడింది, అక్షింతలు పడ్డాయి, ఆయన ఆపలేదు. నేను తాళం వేస్తూ ఒక కన్ను ఆయన మొహం మీద, ఒక కన్ను గేటు మీద ఉంచాను. కారు కదలాల్సిన పని రాలేదు.